అందరూ మంచిగనే ఉన్న ఇల్లు

చొప్పదండిలో నేను అద్దెకుండే ఇంటి యజమాని దుబాయిలో ఉంటాడు. అతని తాత మా తాత దగ్గర జీతమున్నవాడు. ఈ సంగతి నేనెవరికీ గుర్తు చేయను. నేను మెట్లెక్కి పై వాటాలోకి పోతుంటే ఊళ్ళోవాళ్ళే నాకు గుర్తు చేస్తారు. పక్క ఊళ్ళో కోటలాంటి మా దొరల గడి ఉన్న చోట ఇప్పుడు సర్కారు తుమ్మలు మొలిచాయి. దాని దర్వాజాను హైదరాబాదులో ఏదో హోటలు ముందు అలంకారానికి నిలబెట్టారట. లోపలికి పోయే దారి మాత్రం పక్క నుంచేనట. మా వంశానికి చివరికి దక్కిన గౌరవం అది: అందరూ పక్కన నిలబడి ఫొటో దిగుతారు, ఎవరూ దాటి లోపలికి రారు.

ఇచ్చోడలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. దొరతనాలు ఎట్లా కూలిపోయాయో పిల్లలకు వివరించి, అందుకు జీతం పుచ్చుకున్న దొరబిడ్డను. పెళ్ళి చేసుకోలేదు. మా అంతస్తుకు తగిన సంబంధం రాలేదని మావాళ్ళన్నారు. ఆ అంతస్తు ఎక్కడుందో కనబడలేదని చూడవచ్చినవాళ్ళన్నారు. ఇద్దరి మాటా నిజమే.

ఇల్లు కొత్తది. ముందు గోడకు మెరిసే టైల్స్, మెట్లకు స్టీలు రేలింగు, ఎవరు ఊగినా కిర్రుమనని బరువైన గేటు. కింద మూడు పడకగదులు. మూడింటికీ తాళాలే, కొడుకూ కోడలూ వచ్చినప్పుడు తీయడానికి. ఇంట్లో నిజంగా ఉండే ఇద్దరు, అంటే యజమాని తల్లీ ఎనిమిదేళ్ళ కూతురూ, హాల్లో చాప పరుచుకుని పడుకుంటారు. ఇల్లు కట్టుకుందామని పోయిన మనిషి దుబాయిలో వేరేవాళ్ళ ఇళ్ళకు సెంట్రింగు కొడుతున్నాడు. అతని భార్య కువైట్‌లో ఒక ఇంట్లో ఉండి ఆ ఇంటి చిన్నపిల్లవాడికి అన్నం తినిపిస్తుంది. ఆమె కన్న పిల్లకు ఇక్కడ బీడీలు చుట్టే అత్త తినిపిస్తుంది. ప్రపంచంలో పిల్లలందరికీ అన్నం అందుతోంది కదా, ఇంకేం కావాలి అన్నట్టుంటుంది ఈ ఏర్పాటు.

రోజూ సాయంత్రం దుబాయి నుంచి ఫోను వస్తుంది. ముసలమ్మ ఒళ్ళోని బీడీల చాట పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, ఫోనును చెంబుకు ఆనించి నిలబెడుతుంది. ఆ వేళకు నేను తరచుగా మోటరు వేయమని అడగడానికి కిందికి దిగుతాను గనుక ఆ సంభాషణ నాకు కంఠతా వచ్చు.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న బాపు."

"అవ్వా, నువ్వు?"

"నాకేమైతది కొడుకా, మంచిగున్న. నువ్వెట్లున్నవ్?"

"మస్తు మంచిగున్న."

తర్వాత శనక్కాయ ధర, పక్కింటివాళ్ళ కోడలు, వార్డు మెంబరు కొన్న కొత్త బండి. ఫోను పెట్టేశాక ముసలమ్మ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ లేస్తుంది.

ఈ చుట్టుపక్కల ఇళ్ళలో ఇది రాతలో లేని చట్టం. దూరమున్నవాళ్ళకు ఫికర్ పెట్టొద్దు. బర్రె చచ్చిపోతే చెప్పరు. బోరు ఎండిపోతే చెప్పరు. మా వీధిలోనే ఒకతను సెలవు మీద ఇంటికొచ్చి, గోడ మీద తండ్రి ఫొటోకు దండ చూసి, అప్పుడు తెలుసుకున్నాడు. అప్పటికి ఆ దండ కూడా పాతబడింది. "చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే బిడ్డా" అంటే అతను తలూపాడు. తనూ అక్కడ ఆపరేషన్ అయిన సంగతి చెప్పలేదు మరి. ఇటు నుంచి ఒక మంచి, అటు నుంచి ఒక మంచి, మధ్యలో సముద్రం. ఇంతకంటే సుఖమైన కుటుంబాలను నేను చరిత్ర పుస్తకాల్లో కూడా చదవలేదు.

ఒకరోజు ముసలమ్మ మెట్ల కింద నిలబడి పిలిచింది.

"దొరా! ఓ దొరా! పిల్ల బడిల మీటింగట. గా ఇంగ్లీషు నాకు సమజ్ కాదు. జర తోడు రాండ్రి."

ఆమె నన్ను దొరా అనే పిలుస్తుంది. నీళ్ళు ఎక్కువ వాడుతున్నానని దబాయించేటప్పుడూ దొరా అనే అంటుంది. నేను ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని వెళ్ళాను.

అది తల్లిదండ్రులకు అవగాహన సదస్సు. హైదరాబాదు నుంచి కోటు వేసుకున్న ఒకాయన వచ్చాడు. హాలు నిండా ముసలమ్మలు, ఒకరిద్దరు ముసలాళ్ళు, చంకలో బిడ్డతో ఒక మేనత్త. ఆయన మైకు పట్టుకుని, "ఇక్కడున్న తల్లిదండ్రులంతా ఒక్కసారి చేతులెత్తండి" అన్నాడు. నాలుగైదు చేతులు లేచాయి. అందులో ఒకటి స్కూలు బస్సు డ్రైవరుది. ఆయన జంకలేదు. తెచ్చుకున్న ఉపన్యాసం తెచ్చుకున్నట్టే చెప్పాడు.

"మీ పిల్లల్ని రోజుకు ఒక్కసారైనా గుండెలకు హత్తుకోండి."

ముందు వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. "సారూ, గది ఫోన్ల ఎట్ల జేస్తరు? జర సూపెట్టు."

హాలు ఘొల్లుమంది. ఇంకొకామెకు ధైర్యం వచ్చింది. "మావోడు రెండేండ్లకోసారి వస్తడు సారూ. బాపును సూడంగనే పోరడు మంచం కిందికి ఉర్కుతడు. ముందుగాల గాన్ని బయటికి గుంజుడెట్లనో చెప్పు, అటెన్క హత్తుకునుడు చెప్పుదువు."

కోటాయన నవ్వి, తెర మీద బొమ్మలు చూపించాడు. బంగారు జుట్టున్న ఒక పిల్లవాడు కోపంగా బొమ్మ విరగ్గొడుతున్నాడు. తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలు ఇట్లా మొండిగా తయారవుతారట, చదువులో వెనకబడతారట, ఎదురు తిరుగుతారట. ముసలమ్మలు ఆ పిల్లవాడి జుట్టు రంగు గురించి కాసేపు మాట్లాడుకున్నారు. సభ చెడిపోతోందని ప్రిన్సిపాలమ్మ మైకు అందుకుంది.

"అందరూ అట్లా ఉండరు సార్. మా దగ్గర ఒక పాప ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ గల్ఫే. ఒక్కరోజు ఏడవదు, ఒక్క కంప్లయింటు చెప్పదు. ఉందో లేదో కూడా తెలియదు, అంత బుద్ధిమంతురాలు."

ఆ పాప మా ఇంటి పాపే. వేదిక మీదికి పిలిచి ప్లాస్టిక్ కప్పు చేతిలో పెట్టారు. ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. పిల్ల చేతులు కట్టుకుని, వీపు నిటారుగా నిలబెట్టి, అందరూ చప్పట్లు ఆపేదాకా కదలకుండా ఉంది. నాకు ఆ నిలబడడం బాగా తెలుసు. అది నేర్చుకోవడానికి గల్ఫు అక్కర్లేదు. మా నాన్న, అమ్మ ఇద్దరూ ఇంట్లోనే ఉండగా నేను నేర్చుకున్నాను.

గడిలో మా నాన్న ముందు వైపు ఉండేవాడు, అమ్మ లోపలి వైపు. మధ్యలో రెండు వాకిళ్ళు, బోలెడుమంది పనివాళ్ళు. నేను ఆ పనివాళ్ళ చేతుల్లో పెరిగాను. మాటలు వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను గనుక చాలాకాలం మా అమ్మను "దొరసాని" అని పిలిచేవాణ్ణట. ఎవరూ దిద్దలేదు, మర్యాదగానే ఉంది కదా అని. పనివాళ్ళు ఒక్కొక్కరే పోయారు, పైకప్పు కురవడం మొదలైంది. అయితే కురుస్తోందని బయటివాళ్ళకు తెలియకూడదు. వానాకాలం ఎవరైనా పెద్దమనిషి వస్తే, ముందు హాల్లో సరిగ్గా చుక్క పడే చోట కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. గిన్నె పెడితే చప్పుడవుతుంది. పిల్లవాడి నెత్తి మీద పడితే చప్పుడు కాదు. నీళ్ళు జుట్టులోంచి మెడ మీదికి, మెడ మీంచి వీపులోకి జారుతుంటే నేను వచ్చినవాళ్ళను చూస్తూ కూర్చునేవాణ్ణి. కదిలితే చుక్క నేల మీద పడి మా పరువు పోతుంది. ఒకసారి వచ్చినాయన వెళ్ళిపోయాక మా నాన్న, "మావాడు కదలడు" అన్నాడు. ఆయన నా గురించి అన్న మంచి మాట నాకు గుర్తున్నంతలో అదొక్కటే. ఆ మాట కోసం ఇంకెన్ని వానలైనా కూర్చునేవాణ్ణి.

నా వీపు ఇంత నిటారుగా ఉంటుందేమని ఇచ్చోడలో తోటి లెక్చరర్లు అడిగేవారు. వంశం అని చెప్పేవాణ్ణి. వంశమే మరి.

చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కిందికి దిగేసరికి పిల్ల పీట మీద కూర్చుని, స్వెటరు చేతులు వేళ్ళ దాకా లాక్కుని, ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింటోంది. ఎడమ చేత్తో అన్నం తినడం నేను చూసి ఊరుకునేది కాదు. మా ఇంట్లో అన్నీ పోయాయి గాని అది పోలేదు.

"ఎడమ చేత్తో తింటున్నావేం?"

"మంచిగనే ఉంది దొరతాతా."

"అన్నం ఎట్లా ఉందని నేనడగలేదు."

ముసలమ్మ చాటలోంచి తలెత్తకుండానే జవాబిచ్చింది. "బడిల చెంచాతోని తినుడు నేర్పుతున్నరు గావచ్చు దొరా. మీ కాలం గాదు గదా."

"చేయి చూపించు" అన్నాను.

పిల్ల మొదట నా వైపు చూడలేదు. చెంబు దగ్గరున్న ఫోను వైపు చూసింది, అది వెలుగుతోందేమోనని. వెలగడం లేదని నమ్మకం కుదిరాక స్వెటరు పైకి లాగింది. కుడి మణికట్టు పక్కన వాపు, చుట్టూ కమిలి పసుపుపచ్చగా మారిన చర్మం. ముసలమ్మ చాట కింద పడేసింది.

"ఎన్నడైందే ఇది? తానం పోస్తనంటె నేనే పోసుకుంట నేనే పోసుకుంట అని ఉర్కుతివి!"

"ఏం గాలే బాపమ్మా. గేటు మీద ఊగంగ పడ్డ."

"ఎందుకు చెప్పలేదు?" అని నేనడిగాను.

ఆ పిల్ల నన్ను తెలివి తక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "చెప్తే బాపమ్మ ఏడుస్తది. ఏడిస్తె కండ్లు ఎర్రగైతయి. బాపుకు ఫోన్ల కనవడ్తయి. బాపు పరేషాన్ అయితడు."

నేను కాలేజీలో కార్యకారణ సంబంధం గురించి ఏడాదంతా పాఠం చెప్పినా ఇంత పొందికగా ఒక్కరూ రాయలేదు.

పక్క ఊళ్ళో నాటుకట్టు కట్టేవాడి దగ్గరికి పోదామని ముసలమ్మ, కరీంనగర్ పోదామని నేను. నేను దొరతనం వాడి గెలిచాను. దాన్ని వాడుకునే అవకాశాలు ఈ రోజుల్లో అరుదు. ఎముకల డాక్టరు చేయి పట్టుకుని ఒక్కోచోట నొక్కుతూ, "ఇక్కడ నొస్తోందా?" అని అడిగాడు. "నొస్తలేదు." "ఇక్కడ?" "నొస్తలేదు." పిల్ల పెదవి పళ్ళ మధ్య తెల్లబడి ఉంది. నర్సు మురిసిపోయి, "ఎంత ధైర్యమో చూడండి" అంది. ధైర్యానికి ఆ పిల్లకు ఇంకో కప్పు ఇస్తారేమోనని భయమేసింది. ఎక్స్‌రే తీసి చూస్తే ఎముక చిట్లి ఉంది.

డాక్టరు కట్టు వేసి, నా వైపు తిరిగాడు. "చేయి మళ్ళీ వాస్తే కట్టు బిగుసుకుపోతుంది. వేళ్ళు ఉబ్బినా, మంట పుట్టినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసుకురావాలి. ఆలస్యమైతే చేయి పనికిరాకుండా పోవచ్చు. పాప చెబుతుంది కదా?"

"చెప్పదు" అన్నాను.

ఆయన నేను సరదాగా అన్నాననుకున్నాడు.

తిరిగొచ్చే బస్సులోనే ముసలమ్మ కొత్త ఏర్పాటు ఆలోచించింది. కట్టు తీసేదాకా ఫోనుకు పిల్ల మొహం మాత్రమే చూపించాలి. "ఉత్తగ గంత దూరం నుంచి ఏం జేస్తడు దొరా? డ్యూటీల ఉండి మీదికెళ్ళి కింద పడ్తడు, గంతే." ఆమె మాటలో తప్పేం లేదు. అతను నిజంగానే ఎత్తు మీద నిలబడి పనిచేస్తాడు. అందుకే ఆ చట్టాన్ని ఎవరూ కాదనలేరు. దాని కింద నలిగేది ఎవరో అడిగితే, అందరూ మంచిగనే ఉన్నారు కదా అంటారు.

ఆ పూట నుంచి పిల్ల రోజూ నాకు వేళ్ళు చూపించాలని పెట్టాను. చూపించేది. "మంట ఉందా?" "లేదు." "తిమ్మిరి?" "లేదు." సైనికుడిలా జవాబు. వేళ్ళు చూసి నాకేమీ తెలిసేది కాదు. చరిత్ర లెక్చరరుకు వేళ్ళ సంగతి ఏం తెలుస్తుంది?

శుక్రవారం అక్కడ ఇద్దరికీ సెలవు. తెర మీద ఒక సగంలో తండ్రి, ఒక సగంలో తల్లి. చెంబుకు ఆనిస్తే ఫోను జారి కట్టు కనబడుతోందని, ముసలమ్మ నన్ను పిలిచింది.

"దొరా, జర మీరు పట్టుండ్రి. గదువ కిందికి రావద్దు సుమా."

ఒకప్పుడు మా ఇంటి ముందు చెప్పులు విప్పి నడిచిన వాళ్ళ మనవడికి, వాళ్ళ హాల్లో నిలబడి, నేను ఫోను పట్టుకునే కొయ్యనయ్యాను. ఆ పని కూడా వంకర లేకుండా చేశాను. తెరలో పిల్ల మొహం, జడలు, నవ్వు. గడ్డం కింద ఏమీ లేదు.

"మంచిగున్నవా బిడ్డా?" "మంచిగున్న బాపు." "బువ్వ తిన్నవా?" "తిన్న."

తల్లి అలిసిపోయి ఉంది. "నిద్ర లేదు అత్తా" అని ముసలమ్మతో అంది. "మా బుడ్డోనికి జరం. రాత్రంత ఒక్కతీర్గ ఏడ్చిండు. కింద వండవెడ్తె ఉండడు. ఒళ్ళెనే వట్టుకోని కూసున్న, తెల్లారెదాక."

మా బుడ్డోడంటే ఆ కువైట్ ఇంటి పిల్లవాడు. ముసలమ్మ "అయ్యో" అంది. పిల్ల కాసేపు తెర వంక చూసింది. ఆ పిల్లవాడు ఏడ్చాడు. ఏడిస్తే ఒళ్ళో పెట్టుకున్నారు. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉంటుందని ఆ పిల్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.

"దొరతాతా" అంది. "జర కిందికి పట్టు."

ముసలమ్మ కళ్ళతో వద్దని నా మీద ఉరిమింది. నేను కిందికి పట్టాను.

దుబాయిలోనూ కువైట్‌లోనూ ఉన్న ఇద్దరూ ఒకేసారి అరిచారు. "ఏందది? ఏమైంది? అవ్వా, ఏమైంది?"

"ఇరిగింది" అంది పిల్ల. "చేతి ఏళ్ళు మంట లేస్తున్నయి. నిన్నటిసంది లేస్తున్నయి. నిద్ర వడ్తలేదు." అని, గొంతు పగిలేలా ఏడ్చింది. అంత ఏడుపును ఆ పిల్ల ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందో.

తండ్రి ముసలమ్మను తిట్టాడు. "గింత దాస్తవానే? నేను సచ్చిననుకున్నవా?" ముసలమ్మ ఎదురు తిరిగింది. "నువ్వు దాస్తలేవా? మొన్న మన ఊరి పిలగాడు ఫోన్ల చెప్పిండు, నీ కంపెనీ బందైందట గదా! మంచిగున్న మంచిగున్న అంటవ్!" ఇది విని కువైట్‌లో భార్య నెత్తి కొట్టుకుంది. కొట్టుకున్న చేతికి పెద్ద గుడ్డ చుట్టి ఉంది. "గా చెయ్యికేమైందే?" అని మొగుడు అరిచాడు. "నూనె వడ్డది. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే." ముసలమ్మ ఇంక తానొక్కతే ఎందుకు వెనకబడాలనుకుందో ఏమో, తన షుగరు సంగతి, ఆపేసిన గోలీల సంగతి బయట పెట్టింది. కాసేపట్లో ఆ ఇంట్లో మంచిగున్నవాళ్ళు ఒక్కరూ లేరని తేలింది. నలుగురూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ ఏడుస్తున్నారు. మధ్యలో తండ్రికి నేను గుర్తొచ్చాను.

"దొరా, మీరెట్లున్నరు?"

బాగానే ఉన్నానని చెప్పాను. ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఆటో మాట్లాడుకుని అప్పటికప్పుడు కరీంనగర్ బయల్దేరాం. దారంతా ముసలమ్మ నాతో మాట్లాడలేదు. "ఫోను వట్టుకొమ్మంటె వట్టుకునుడు గూడ రాదు" అని ఆటో అతనికి నా మీద ఫిర్యాదు చేసింది. పిల్ల మాత్రం ఆగకుండా మాట్లాడింది. గుంతలో పడితే నొప్పి, బ్రేకు వేస్తే నొప్పి, చెప్పులు కరుస్తున్నాయి, ఆకలేస్తోంది, మునుపు ఒకసారి జ్వరం వస్తే చెప్పలేదు, క్లాసులో ఒక పిల్ల గిచ్చుతుంది, కప్పు ఇచ్చిన రోజు కాళ్ళు గుంజాయి. ఆటో అతను వెనక్కి తిరిగి, "గీ పిల్ల నోరు మూయదా సార్?" అన్నాడు. నడపమన్నాను.

డాక్టరు వేళ్ళు చూసి మొహం మార్చాడు. కట్టు కోసి, ఉబ్బిన చేతిని బయటికి తీశాడు. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే ఏమయ్యేదో చెప్పబోయి, ముసలమ్మను చూసి ఆగాడు. తర్వాత మునుపటిలాగే నొక్కడం మొదలుపెట్టాడు.

"ఇక్కడ నొస్తోందా?"

పిల్ల కేక వేసింది. వరండాలో వరసలో కూర్చున్నవాళ్ళు లేచి తలుపు సందులోంచి తొంగి చూశారు. ముసలమ్మ సిగ్గుపడి, "నీ నోర్ముయ్యే, అందరు సూస్తున్నరు" అని కొంగు పిల్ల నోటికి అడ్డం పెట్టబోయింది. నేను ఆ కొంగు పట్టుకుని పక్కకు లాగాను. మా వంశంలో పరాయి ఆడమనిషి కొంగు పట్టుకున్నవాడు ఇంతకుముందు ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉంటే ఇంత మంచి పనికి పట్టుకుని ఉండడు.

"పోయినసారి ఎంత బుద్ధిగా ఉండె ఈ పాప" అంది నర్సు.

డాక్టరు వేలు అంగుళం జరిపి నొక్కాడు. "ఇక్కడా?"

"గక్కడ కాదు, జర కిందికి!" అని పిల్ల ఆయన మీద కసిరింది. "గక్కడ. గక్కడనే నొస్తుంది."

"ఆఁ" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు చెప్పు."

చెప్పింది. చాలాసేపు చెప్పింది.